సాయణభాష్యం - పాశ్చాత్య వేదవిమర్శ: ప్రామాణ్య చర్చ

1. ఉపోద్ఘాతం:

వేదార్థ విచారణకు సంబంధించిన తెలుగు సిద్ధాంత వ్యాసాల్లో ‘పాశ్చాత్య పండితులు’ అనే మాట తరచుగా ఏకాభిప్రాయం గల ఒక వర్గాన్ని సూచిస్తున్నట్లు కనిపిస్తుంది. కొందరు పరిశోధకులు ఆ వర్గాన్ని ప్రమాణంగా స్వీకరిస్తారు. మరికొందరు వలసపాలనకు సాధనంగా భావించి తోసిపుచ్చుతారు. ఆ పండితులు తమలో తాము దేని గురించి విభేదించారో పరిశీలించకపోవడమే ఈ రెండు వైఖరుల్లోని లోపం. ఋగ్వేదానికి సాయణాచార్యుడు రచించిన భాష్యం చుట్టూ 19వ శతాబ్దిలో జరిగిన వాదం ఆధారంగా ఈ అంశాన్ని విచారించడం ప్రస్తుత వ్యాసోద్దేశం.

2. సాయణుడు ఎంతవరకు ప్రమాణం?

సాయణుడు 14వ శతాబ్దిలో విజయనగర ప్రభువులైన బుక్కరాయలు, రెండవ హరిహరరాయల ఆశ్రయంలో వేదభాష్యాలను వెలయించాడు. ఈస్టిండియా కంపెనీ ఆర్థిక సహాయంతో ఆరంభమైన మాక్స్ ముల్లర్ ఋగ్వేద పరిష్కరణ, సాయణభాష్య సహితంగా 1849-1874 మధ్య ఆరు సంపుటాలుగా వెలువడింది. 1850లో ప్రచురణ మొదలైన హెచ్.హెచ్. విల్సన్ ఆంగ్లానువాదం ప్రధానంగా సాయణుణ్ణే అనుసరించింది.

దీనికి భిన్నమైనది రుడాల్ఫ్ రోత్ మార్గం. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి 1855-1875 మధ్య వెలువడిన సంస్కృత-జర్మన్ నిఘంటువులో వైదిక పదాల బాధ్యత అతనిది. వేదకాలానికి ఎన్నో శతాబ్దాల తర్వాతివాడైన సాయణుడి వ్యాఖ్య తుది ప్రమాణం కాజాలదని, ఒక పదం వచ్చిన చోట్లన్నింటినీ పోల్చి సందర్భ, వ్యుత్పత్తుల ద్వారా అర్థం నిర్ణయించాలని అతని మతం. థియోడర్ గోల్డ్‌స్టూకర్ 1861లో పాణినిపై రాసిన గ్రంథంలో ఈ ధోరణిని తీవ్రంగా ఖండించాడు. 1889 నుంచి వెలువడిన ‘వేదిషె ష్టూడియెన్’లో పిషెల్, గెల్డ్‌నర్‌లు భారతీయ సంప్రదాయానికి తిరిగి ప్రాధాన్యం కల్పించారు. సాయణుణ్ణి నిరాకరించినవారూ, సమర్థించినవారూ పాశ్చాత్యులే అన్నది ఇక్కడ గమనార్హం.

3. ‘నాసత్య’ పదం - ఒక నిదర్శనం:

అశ్వినీదేవతలకు పర్యాయమైన ‘నాసత్య’ పదానికి యాస్కుడి నిరుక్తంలో మూడు వివరణలున్నాయి. ఔర్ణవాభుడి మతంలో వారు అసత్యులు కానివారు. ఆగ్రాయణుడి మతంలో సత్యానికి నేతలు. నాసిక నుంచి పుట్టినవారన్నది మూడవ వివరణ. ఎ.ఎ. మెక్డొనెల్ 1900లో ప్రచురించిన సంస్కృత సాహిత్య చరిత్రలో ఈ పదాన్నే ఉదాహరించి, యాస్కుడి నాటికే అర్థసంప్రదాయం అవిచ్ఛిన్నంగా లేదని వాదించాడు.

ఈ నిర్ధారణ పాక్షిక సత్యం. మూడు వ్యుత్పత్తులు చెప్పవలసి వచ్చిందంటే అసలు వ్యుత్పత్తి స్థిరంగా అందలేదని ఒప్పుకోవాలి. అయితే వ్యుత్పత్తి తెలియకపోవడం వేరు, పదం ఎవరిని సూచిస్తుందో తెలియకపోవడం వేరు. నాసత్యులంటే అశ్వినులేనన్న విషయంలో నైరుక్తులకు సందేహం లేదు. ఊరి పేరుకు వ్యుత్పత్తి చెప్పలేనివాడికి ఆ ఊరి దారి తెలియదనలేం కదా!

మరోవైపు, ‘సంప్రదాయం’ ఒకే గొంతుతో మాట్లాడుతుందని నమ్మేవారికీ నిరుక్తం అనుకూలం కాదు. వృత్రుడు మేఘమని నైరుక్తులు, త్వష్ట కుమారుడైన అసురుడని ఐతిహాసికులు భావించినట్లు యాస్కుడు పేర్కొన్నాడు. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుడి వాదాన్ని సైతం పూర్వపక్షంగా స్వీకరించి సమాధానం చెప్పాడు. సాయణుడు కూడా అనేక చోట్ల ‘యద్వా’ అంటూ వికల్పార్థాలు ఇచ్చాడు. ఒకే పదానికి అతడు వేర్వేరు చోట్ల పొందిక లేని అర్థాలు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని గుర్తించడానికి రోత్ తులనాత్మక పద్ధతి ఉపకరిస్తుంది. యాగప్రక్రియతో ముడిపడిన మంత్రాల్లో మాత్రం సాయణుణ్ణి విడిచి ముందుకు సాగడం కష్టం.

4. ముగింపు:

మాక్స్ ముల్లర్ ఋగ్వేద పరిష్కరణ రెండవ ముద్రణ 1890-92లో నాలుగు సంపుటాలుగా వెలువడింది. దానికి పోషకుడు విజయనగరం సంస్థానాధీశుడు ఆనంద గజపతి. తుంగభద్రా తీరపు రాజ్యంలో వెలసిన భాష్యం, ఆక్స్‌ఫర్డ్‌లో పరిష్కృతమై, కళింగాంధ్ర సంస్థానం పోషణలో పునర్ముద్రణ పొందింది. ఇటువంటి గ్రంథాన్ని ‘పాశ్చాత్యం’, ‘స్వదేశీయం’ అనే రెండు గదుల్లో దేనిలోనూ ఇమడ్చలేం. కంపెనీ ధనం వెనుక పాలనా ప్రయోజనం లేదనడం అమాయకత్వమే. కాని ప్రచురణ ప్రయోజనం వేరు, పాఠ నిర్ణయంలోని యుక్తాయుక్తతలు వేరు. మొదటిదాన్ని చరిత్ర ద్వారా, రెండవదాన్ని మంత్రం, పదపాఠం, నిరుక్తం, భాష్యాల ద్వారా పరీక్షించాలి.

కాబట్టి ‘పాశ్చాత్యులు ఇలా అన్నారు’ అన్న వాక్యం పరిశోధనలో నిలవదు. ఎవరు, ఏ గ్రంథంలో, ఏ పదం గురించి, ఏ ఆధారంతో అన్నారో చెప్పినప్పుడే అంగీకారానికైనా ఖండనకైనా విలువ ఉంటుంది. పూర్వపక్షాన్ని పేరుతో సహా చెప్పి సమాధానమివ్వడం యాస్కుడు చూపిన దారే.