నాలుగు గజాల గుడ్డకు ఎవరి కొలత?

కొండకర్ల ఆవ దగ్గరి మా పేటలో పెళ్ళి కుదిరితే బట్టల దగ్గర తగవు తప్పదు. పెళ్ళికొడుకు కోటు కావాలంటాడు. పీటల మీద పంచె కట్టాల్సిందేనని పెద్దలంటారు. పట్నం దుకాణం మధ్యేమార్గం కనిపెట్టింది: కుచ్చిళ్ళు ముందే కుట్టి, నడుముకు పట్టీ వేసిన పంచె. ప్యాంటులా తొడుక్కోవడమే. దానికి 'మన సంప్రదాయం' అని పేరు.

దానికి కుట్టు వేశారని మా అభ్యంతరం కాదు. సంప్రదాయం అన్న మాటతో దాచిన చరిత్ర మీదే మా అభ్యంతరం.

కుట్టని బట్టకు కొలత అక్కర్లేదంటారు. నిజమే, నాలుగు గజాల పంచె బక్కోడికీ లావుపాటోడికీ సరిపోతుంది. తండ్రిది కొడుకు కట్టొచ్చు. అయితే దర్జీ తియ్యని కొలత కులం తీసింది. 1928లో ఇండోర్ ప్రాంతంలో బలాయీలు రంగు అంచు పంచెలు కట్టరాదని పై కులాలు శాసించిన సంగతి అంబేద్కర్ 1936 నాటి 'కుల నిర్మూలన'లో చెప్పాడు. 1930 డిసెంబరులో రామనాథపురంలో కళ్ళర్లు అస్పృశ్యులపై ఎనిమిది నిషేధాలు పెట్టారు. మగవాళ్ళు మోకాలి కిందికి, నడుము పైకి గుడ్డ కట్టకూడదన్నది అందులో ఒకటి. అంచు, పొడవు, భుజం మీది కండువా - ఇవాళ డిజైనరు 'అందం' అనేవన్నీ నిన్నటి నిషేధాలే.

మా తాతలు మడిలో దిగేటప్పుడు పంచె మోకాలి పైకి ఎగ్గట్టారు, పని కోసం. కామందు వీధిలోనూ దాన్ని దించలేదు, భయం కోసం. ఆ రెండు కట్లూ చూపుకు ఒకటే. అర్థం ఒకటి కాదు.

అందుకే మా కుర్రాళ్ళు కోటు అడిగితే పరాయి మోజని వెక్కిరించడం తగదు. అంబేద్కర్ సూటు వేసుకున్నది ఊరు గీసిన గీత దాటడానికి. అలాగని పంచెను వాళ్ళకు వదిలేస్తామా? మాలలు ముతక నూలు బట్ట నేసేవారని 1909 నాటి థర్‌స్టన్ గ్రంథమే రాసింది. నేసిన చేతికి కట్టే హక్కు లేదనడం ఏ సంప్రదాయం?

పొందూరు చూడండి. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఆడవాళ్ళు చేత్తో సన్ననూలు వడుకుతారు. అక్కడి పంచె గొప్పతనం చెప్పేవాళ్ళు వడికిన మనిషి కూలి గురించి ఎందుకు మాట్లాడరు?

పెళ్ళి పంచె కొత్తగా రూపొందించేవాళ్ళను మేము అడిగేది మూడే. చేనేత బట్టే వాడండి, నేసినవాళ్ళకు గిట్టుబాటు కూలి ఇవ్వండి. పెళ్ళయ్యాక పెట్టెలో మూలుగకుండా నలుగురిలో కట్టుకు తిరగగలిగేలా చెయ్యండి. దాన్ని కట్టనిదీ ఎవరిని, కట్టనివ్వనిదీ ఎవరో చరిత్ర చెప్పి మరీ అమ్మండి.

కోటా, పంచా అన్నది పెళ్ళికొడుకే తేల్చుకుంటాడు. పంచె కడితే మాత్రం, అంచు వెడల్పుగా, చీలమండల దాకా దించే కడతాడు.