తుప్పును కోసి, ఇనుమును నిలిపి

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, బైలదిల్లా కొండల్లో తవ్వితీసే ఎర్రరాయీ, పాత జీపు ఫ్లోరు కింద గోకితే రాలే ఎర్రపొడీ దగ్గరి చుట్టాలే. రెండింటిలోనూ ఉన్నది ఇనుము, ఆక్సిజన్; పొడిలో కాస్త నీరు కూడా ఉంటుంది. ఆ కొండల్లోని కిరండూల్‌లో 1968లో ఎన్‌ఎండీసీ గని మొదలైంది. అప్పటినుంచి ఆ రాయి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో విశాఖ రేవుకు దిగుతూనే ఉంది. కొలిమిలో బొగ్గు తగలేసి రాయిలోని ఆక్సిజన్‌ను వెళ్లగొడితే ఇనుము, దాన్నుంచి ఉక్కు తయారవుతాయి. తేమ, గాలి తగిలిన మరుక్షణం నుంచి ఆ ఉక్కు మళ్లీ రాయివైపే నడక మొదలుపెడుతుంది. ఇంటి ముందు రేకుల పంచలో పాత బండిని బాగుచేసుకునే మనిషి ఈ నడకను ఆపాలి. రంగు, మెరుపు తర్వాతి సంగతులు.

బస్తర్‌లో ఈ పని మరీ కష్టం. జగదల్‌పూర్‌లో ఏడాదికి దాదాపు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు జోరందుకుంటుంది. వానాకాలమంతా ఇక్కడ తేమ అంతకంటే పైనే. దానికితోడు ఎర్రమట్టి. మడ్‌గార్డుల లోపల మెత్తగా అతుక్కుని, పైకి ఎండినట్టు కనిపిస్తూ లోపల రోజుల తరబడి చెమ్మ పట్టి ఉంచుతుంది. సాల చెట్ల కింద నిలిపిన బండికి ఆకుల బాధ. అద్దం కింది జాలీలోంచి ఆకు, పూత లోపలికి జారి నీళ్లు పోయే తూములను మూసేస్తాయి. బయటికి దారిలేని నీళ్లు ముందు సీటు కాళ్ల దగ్గర చేరతాయి.

ఇక్కడి దారులు ఒకప్పుడు జీపులవే. మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన సీజే3బీలు, 540లు, కమాండర్లు వారపు సంతలకు జనాన్ని, గంపలను, కోళ్లను కలిపి మోశాయి. పట్నాల్లో ఆఫీసర్లకు, వ్యాపారులకు అంబాసిడర్ ఉండేది. 2014 దాకా ఉత్తరపారాలో తయారైన ఆ కారు, ఈ జీపు బాగుచేసే పద్ధతిలో ఒకటి కాదు. జీపుకు కింద విడిగా ఛాసిస్ ఉంటుంది. బాడీ దానిమీద కూర్చుంటుంది. బోల్టులు విప్పి బాడీని ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు. ఫ్లోరు, డోర్ల కింద పొడుగునా సాగే పెట్టెలాంటి సిల్లులే దాని ఎముకలు. జీపు ఫ్లోరుకు చిల్లు పడితే కాళ్ల మీద బురద చిమ్ముతుంది, అంతే. అంబాసిడర్ సిల్లు తుప్పు తింటే కారు నడుమే వాలుతుంది. డోరు తీసి మళ్లీ వేస్తే లాకు సరిగా కూర్చోవడం లేదంటే, అనుమానం తాళం మీద కాకుండా సిల్లు మీదికి పోవాలి.

సామాన్ల విషయంలో బస్తర్ వాసులకు తెలుగునేల దగ్గర. విజయవాడ నుంచి భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి నేరుగా జగదల్‌పూర్ చేరుతుంది. కుంటలోనూ, గోదావరి వైపున్న భోపాలపట్నంలోనూ తెలుగు ఇంటి మాటగా వినిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్ షాపులో ఏ సామాను కావాలో తెలుగులోనే అడిగి తెచ్చుకోగలిగినవాళ్లు ఈ ఊళ్లలో చాలామంది. అయితే రేకు పనిలో సగానికి సామాను కొనే అవసరమే రాదు. చదును రేకునుంచి ముక్క కోసి, వంచి, కొట్టి చేసుకోవాల్సిందే.

ముందు బండిని చదవడం నేర్చుకోవాలి. పైకి బాగున్న పాత బండిని నమ్మకూడదు. తుప్పు మీద మందంగా పుట్టీ మెత్తి, పాలిష్ కొట్టి అమ్మిన బండ్లు ఊరూరా ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి మడ్‌గార్డు అంచులమీద, డోర్ల అడుగున జరపాలి. రేకు ఉన్నచోట లాగుతుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. తర్వాత బండి కిందికి దూరి మొండి స్క్రూడ్రైవర్‌తో అంగుళం అంగుళం పొడవాలి. గట్టి రేకు ఠంగుమంటుంది, చచ్చిన రేకు మెత్తగా దిగబడుతుంది. రంగు కింద పొక్కులు లేచినచోట తుప్పు చాలాసార్లు లోపలి వైపు నుంచే వచ్చి ఉంటుంది. ఇనుముకంటే తుప్పు ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బే రంగును పైకి తోస్తుంది. పొక్కు బఠానీ గింజంత కనిపిస్తే, లోపల చచ్చిన రేకు అరచేతంత ఉంటుందనుకుని పని మొదలుపెట్టడం మంచిది.

కోసే ముందు అంబాసిడర్ లాంటి కార్లకు ఒక జాగ్రత్త తీసుకోవాలి. సిల్లు కోయడానికి ముందే డోరు చట్రంలో అడ్డంగా ఇనుప పట్టీ వెల్డింగ్ చేసి బిగించాలి. లేకపోతే సిల్లు తెగిన క్షణాన బాడీ రవ్వంత కుంగుతుంది, కొత్త సిల్లు ఆ కుంగిన కొలతకే అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఏ డోరూ సరిగా పడదు. రెండువైపులా ఒకేసారి కోయకూడదు. ఒకవైపు పూర్తయ్యాకే రెండోది.

కోత ధైర్యంగా ఉండాలి. తుప్పు అంచు దాకా కోసి ఆగితే, మిగిలిన పల్చటి రేకు వెల్డింగ్ వేడికి కరిగి కొత్త చిల్లు పడుతుంది. మెరిసే గట్టి రేకు తగిలేదాకా కోయాలి; మూలలు పదునుగా కాకుండా గుండ్రంగా తిప్పాలి. అట్టముక్కను రంధ్రం మీద పెట్టి అంచు గీసి, దాన్ని రేకు మీద పరిచి ముక్క కత్తిరించుకోవాలి. ఫ్లోరుకు 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్ల రేకు. బయటి పలకలకు 20 గేజి చాలు. చాలామంది ముక్కను రంధ్రంకంటే పెద్దదిగా కోసి పైన పరిచి అంచులు అతికేస్తారు. పని త్వరగా అవుతుంది. కానీ రెండు రేకుల మధ్య సందులో నీరు చేరి, నాలుగు వానాకాలాలు తిరిగేసరికి కొత్తదీ పాతదీ కలిసి పోతాయి. అంచుకు అంచు చేర్చి అతకడమే అసలైన పని. అక్కడక్కడా ఒక్కో చుక్క వెల్డింగ్ పెట్టి, ఇటు చివర ఒకటి, అటు చివర ఒకటి, మధ్యలో ఒకటిగా పోతూ, చెయ్యి పెట్టి చూసి రేకు చల్లబడ్డాకే తర్వాతి చుక్క వేయాలి. ఒక్కబిగిన గీత లాగితే రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది.

ఇక సొట్టలు. ఇక్కడికి వచ్చేసరికి నాకు కొండగావ్ లోహార్లు గుర్తుకొస్తారు. భౌగోళిక గుర్తింపు పొందిన బస్తర్ ఇనుప కళ వాళ్ల చేతిది. వాళ్ల పనిముట్లు బొగ్గుల కొలిమి, తిత్తి, పట్టకారు, సుత్తి, ఉలి, అంతే. పాత ఇనుప ముక్కను ఎర్రగా కాల్చి, దెబ్బ మీద దెబ్బ వేసి దీపపు చెట్టుగానో, కొమ్ముల జింకగానో సాగదీస్తారు. ఎక్కడ కొడితే ఇనుము పల్చబడుతుంది, ఎక్కడ దగ్గరకొస్తుంది, ఏ రంగు వేడికి మాట వింటుంది అన్నది వాళ్ల చేతికి తెలుసు. జగదల్‌పూర్ దసరాకు ఏటా కొత్త రథాన్ని చేత్తో కట్టే ప్రాంతం ఇది. ఆ రథానికి కావలసిన ఇనుప సామానూ కొలిమిలోనే పుడుతుంది. టింకరింగ్ మేస్త్రీ చేసేదీ ఈ పనే, కాకపోతే పల్చటి రేకు మీద. లోహార్‌ను కళాకారుడు అంటున్నాం, టింకరింగ్ చేసేవాణ్ణి మాత్రం షెడ్డులో పనివాడిగానే లెక్కేస్తున్నాం. ఈ తేడా నాకు న్యాయంగా తోచదు.

టింకరింగ్ మేస్త్రీ పనిని దగ్గర నిలబడి చూడాలి. ఎడమచేతిలో డాలీ, అంటే పిడికిట్లో పట్టే నున్నటి ఉక్కు దిమ్మ, రేకు వెనక ఆనించి ఉంటుంది. కుడిచేతిలో వెడల్పు ముఖం సుత్తి. సొట్ట మధ్యలో ఒక్క దెబ్బా వేయడు. గుద్దుకున్నప్పుడు చివరగా లేచింది చుట్టూ ఉన్న గట్టు. అందుకే మొదట గట్టును కిందికి దింపుతాడు. డాలీ లోతు కింద పైకి నొక్కుతుంటే సుత్తి పక్కనున్న ఎత్తు మీద పడుతుంది. సొట్ట చాలామటుకు లేచాక మాత్రమే సుత్తి, డాలీ ఎదురెదురుగా కలుస్తాయి. మధ్యమధ్యలో సుత్తి పక్కనపెట్టి అరచేత్తో నిమురుతాడు; కంటికి అందని ఎత్తుపల్లాలు చేతికి అందుతాయి.

దెబ్బలు ఎక్కువైతే రేకు సాగుతుంది. నొక్కితే లోపలికి పోయి, వదిలితే టక్కుమని పైకొస్తుంది. సాగిన రేకును ఎంత కొట్టినా లాభం లేదు, ఇంకా సాగుతుంది. అప్పుడు టార్చి మంటను సన్నగా పెట్టి, ఉబ్బు నడినెత్తిన పావలా కాసంత చోటును ఎర్రగా కాలుస్తాడు. వేడికి మెత్తబడి ఎగదన్నిన ఆ బొడిపెను వెనక డాలీ ఆనించి సుత్తితో చటుక్కున అణుస్తాడు, వెంటనే తడిగుడ్డ అద్దుతాడు. చుట్టూ ఉన్న చల్లటి రేకు బయటికి పోనివ్వదు కనుక మెత్తటి లోహం తనలోకే దగ్గరపడి మందమవుతుంది. చల్లారుతూ పక్క రేకును తనవైపు లాక్కుంటుంది. ఒక చుక్క, తర్వాత ఇంకొంచెం దూరంలో మరో చుక్క. ఉబ్బు బిగిసి ఉన్నట్టుండి రేకు నిశ్శబ్దమవుతుంది. కొత్త కార్లలో వాడే అధిక బలం ఉక్కును ఇలా కాల్చితే బలం పోతుంది. అందుకే ఈ విద్యకు ఇప్పుడు పాత బండ్లే దిక్కు.

చిల్లు పడకుండా పైపైన పట్టిన తుప్పుకు కోత అక్కర్లేదు. వైరు బ్రష్షుతో ఊడేదంతా ఊడగొట్టి, గుంటల్లో మిగిలినదాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతోనో టానిన్‌తోనో మార్చాలి. ఈ టానిన్ మనకు కొత్త కాదు. కాళహస్తి కలంకారీలో కరక్కాయ రసంలో ముంచిన గుడ్డ మీద, బెల్లపు నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టిన కసిమి పడగానే నల్లటి గీత పుడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నీళ్లకు కరగని నల్లటి పదార్థం అవుతుంది. కొత్త కొత్త పేర్లతో సీసాల్లో అమ్మే తుప్పు మందుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే. మ్యూజియాల్లో పాత ఇనుప వస్తువులకు టానిక్ ఆమ్లం పూసేదీ ఇందుకే. ఆ కరక్కాయ బస్తర్ అడవుల్లో హర్రా పేరుతో ఏరి అమ్మే సరుకు. ఫ్యాక్టరీ మందు అందుబాటులో ఉంటే అదే వాడండి, దాని పాళ్లు కుదిరి ఉంటాయి. కానీ ఆ నల్లరంగు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసి పూస్తే పని మీద మమకారం పెరుగుతుంది. విప్పిన చిన్న భాగాలను, బ్రాకెట్లను, కబ్జాలను మొలాసిస్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపిన డ్రమ్ములో రెండు వారాలు ముంచి ఉంచితే తుప్పు వదిలి ఉత్త ఇనుము బయటపడుతుంది. వాసన మాత్రం ఇంటివాళ్లు భరించాలి.

ఇంతా చేసి ఓడిపోయేది ప్రైమరు దగ్గర. రెడ్ ఆక్సైడ్ పూసి, డబ్బు చేతికందాక రంగు వేద్దామని బండిని వానకు వదిలేస్తారు. మామూలు రెడ్ ఆక్సైడ్ పొర నీటిని పూర్తిగా ఆపదు. చెమ్మ దానిగుండా ఇంకి రేకును చేరుతుంది. ఉత్త రేకు మీద రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు వేసి, పుట్టీ అవసరమైతే దానిమీద రెండు మూడు మిల్లీమీటర్లు దాటకుండా పట్టించాలి. పాలియెస్టర్ పుట్టీ నీళ్లు పీల్చేది. దాన్ని ఉత్త రేకు మీద పెట్టి రంగు ఆలస్యం చేస్తే తుప్పును చేతులారా పెంచినట్టే. కీళ్ల మీద సీలెంట్, సిల్లుల లోపల పల్చటి మైనపు నూనె, డోర్ల అడుగున తూములు శుభ్రం. ఎవరి కంటా పడని ఈ మూడు పనులమీదే బండి ఆయుష్షు నిలబడి ఉంది. ఇక్కడి వాతావరణానికి దసరా తర్వాత రేకు పని మొదలుపెట్టి, ఎండలు ముదరకముందే రంగు ముగించడం సరైన లెక్క. ముసురు పట్టిన రోజున రంగు కొడితే మెరుపు తేలిపోయి తెల్లగా మసకబారుతుంది.

వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి, బ్యాటరీ వైర్లు తీసేయండి, లోపలి పరుపులు, కార్పెట్లు బయట పడేయండి, బకెట్ ఇసుక దగ్గర ఉంచుకోండి. పాత రంగుల్లో సీసం ఉంటుంది కనుక పొడిగా గరకపెట్టకుండా వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి, ముక్కుకు మంచి మాస్కు కట్టాలి.

కాగితాలు కూడా చూసుకోవాలి. ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000 నవంబరు 1న. అంతకుముందు బస్తర్‌లో కొన్న బండ్లమీద మధ్యప్రదేశ్ నంబరు ఉంటుంది. సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, దానికి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా చెడని సొంత వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు; రోజువారీ తిరగడానికి మాత్రం అవి పనికిరావు. ఈ కాగితాలన్నిటికీ ఛాసిస్ నంబరే ఆధారం. అందుకే రేకు కోసేటప్పుడు అది చెక్కిన చోటును ముట్టుకోవద్దు. దాని చుట్టూ తుప్పు ఉంటే కోత, వెల్డింగ్ మానేసి చేత్తో, మందుతో, ఓపికతో శుభ్రం చేయించండి. ఆ అంకెలు చెరిగితే ఎంత బాగా నిలబెట్టిన బండి అయినా ఆఫీసు మెట్ల దగ్గరే ఆగిపోతుంది.