గుల్లసున్నపు పనితనము

వేటపాలెపు నేతవీధులలో నింటిని వేసవికి సిద్ధపఱచుట యనఁగా శీతలయంత్రమును గోడకు బిగించుట గాదు. గుంటమగ్గము చెంత గాలి మిక్కిలి పొడివాఱినచో పడుగుపోగులు పుటుక్కున తెగును గాన, నేల చల్లదనమును గాలి చెమ్మను కాపాడెడి యిల్లే నేతగాని కక్కఱకు వచ్చును. పాతపెంకు తీసివేసి కాంక్రీటు పోసిన యింట, పగలెల్ల నెండను త్రాగి రాత్రియెల్ల వేఁడిని క్రిందికి విడుచు కప్పునకు సున్నపు పనివాఁడే శరణ్యుఁడు.

ఆతని విద్య పైకి సామాన్యము. కాల్చిన గుల్లపై నీరు పోయఁగనే యది కుతకుత నుడికి విచ్చిపోవును. ఆ యుడుకు చల్లాఱకమున్నే కుంచె ముంచు తొందర యాతనికి లేదు. నాననిచ్చి, గుడ్డతో వడగట్టి, జిగురు కలిపి, కప్పును ముందుగా తడిపి, పలుచని పూతపై మఱియొక పూత నడ్డముగా వేయును. తడుపుట యేల యందురా? ఎండిన కప్పు పూతలోని నీటిని పీల్చివేసినచో సున్నము పట్టక పొడిగా రాలును. పట్టిన సున్నమో, గాలిలోని బొగ్గుపులుసువాయువును మెల్లమెల్లగా గ్రహించి మరల గుల్లవలె గట్టిపడును. 

2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ఎండను త్రిప్పికొట్టు తెల్లనిపూతయు దానిలో నొక సాధనము. 1918లో సారస్వత నికేతన గ్రంథాలయమును నెలకొల్పుకొన్న వేటపాలెమున నీ చేతివిద్యకును బీరువాలో చోటుండవలెనని నా యభిప్రాయము. వానలకు పూత కరఁగును, ఏటేట మరల వేయవలయునని సణుగువారు కలరు. ఆ సణుగుడు కూలి బేరమునొద్ద మఱింత హెచ్చును.