అడుగు చూసినవాడి బాధ్యత

వేసవిలో గుమ్మఘట్ట మండలంలో ఏ చెరువు కట్ట ఎక్కినా చాలు, నీటి అడుగు కళ్లకు కడుతుంది. నెర్రెలిచ్చిన ఒండ్రు, అందులో సగం కూరుకుపోయిన ప్లాస్టిక్ కవర్లు, తెగిన వలముక్క, పగిలిన సీసా. నీళ్లున్నన్నాళ్లు దాగినదంతా ఎండాకాలం బయటపెడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురం జిల్లాలో చెరువు అడుగు ఎవరికీ రహస్యం కాదు.

సముద్రం ఎండదు. దాని అడుగున ఏముందో దిగి చూసినవాళ్లకే తెలుస్తుంది. అందుకే స్కూబా డైవింగ్‌ను వృత్తిగా చేసుకున్నవాళ్ల మీద, ఒడ్డున నిలబడే మనకు లేని బాధ్యత ఒకటి ఉందని నా నమ్మకం. అది ఎలాంటిదో తెలియాలంటే మా సీమలోని ఒక పాత వృత్తిని గుర్తు చేసుకోవాలి. ఆ వృత్తి నీరుగంటిది.

నీరుగంటి అంటే చెరువు నీళ్లకు ఊరు పెట్టుకున్న కాపరి. పాత చెరువుల్లో తూము దగ్గర రెండు రాతి కంబాలు నిలిపి, మధ్యలో అడ్డరాళ్లు పెట్టేవారు. అడుగున రాతిపలకకు గుండ్రటి రంధ్రం, దానికి అమరే కొయ్య బిరడా, బిరడాకు పొడవాటి గడ. గడ పైకి లాగితే నీళ్లు కాలువకు పోతాయి, దించితే ఆగిపోతాయి. చెరువు నిండుగా ఉంటే నీరుగంటి ఈదుకుంటూ కంబాల దాకా వెళ్లాలి. గడ ఇరుక్కున్నా, రంధ్రానికి చెత్త అడ్డం పడినా ఊపిరి బిగబట్టి మునగాలి. బురదనీళ్లలో కన్ను పనిచేయదు, చేత్తో తడిమి తెలుసుకోవాల్సిందే. తెరిచిన తూము మనిషినీ లాగేస్తుంది. ఆ లాగుడు తెలియనివాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

ఇంతా చేస్తే మునగడం అతని పనిలో చిన్న భాగమే. పైకొచ్చాక అసలు పని మొదలయ్యేది. చెరువులో ఇంకా ఎన్ని తడులకు నీళ్లున్నాయో రైతులకు చెప్పాలి. ఎవరి మడికి ఎప్పుడు మడవ తిప్పాలో చూడాలి. కట్టకు ఎక్కడ బొరియ పడిందో, మరవ ఎక్కడ దెబ్బతిందో పెద్దల చెవిన వేయాలి. ఇందుకు ఊరు అతనికి మాన్యం ఇచ్చేది, కళ్లంలో గింజలు కొలిచేది. చెరువుల బాగోగులకని దశబంధం ఇనాములు కూడా ఈ సీమలో ఉండేవి. పక్క జిల్లాలో 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు లెక్కగట్టింది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశాయని కూడా రాసిపెట్టింది. నీటి కాపలాకు ఇంత కొలత, ఇంత కట్టుబాటు ఉన్న నేల ఇది.

నీరుగంటికి ఉన్నది ఒక్క ఊపిరి. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యా కలిసి ఆక్వాలంగ్ తయారుచేశాక మనిషి తన ఊపిరిని వీపున మోసుకుపోగలిగాడు. మన తీరంలో ఈ విద్యకు పెద్ద దిక్కు విశాఖపట్నం. తూర్పు నౌకాదళ కేంద్రం అక్కడే ఉంది కాబట్టి నేవీలో డైవింగ్ నేర్చినవాళ్లు బయటికొచ్చి పదిమందికి నేర్పుతున్నారు. రుషికొండ, మంగమారిపేట వైపు పర్యాటకులను నీళ్లలోకి తీసుకెళ్లే డైవర్లు అడుగున పేరుకున్న ప్లాస్టిక్‌నూ వలలనూ పైకి తెచ్చిన సందర్భాలున్నాయి.

వల తీయడమంటే చెత్త ఏరడం లాంటిది కాదు. నైలాన్ వల తెగి అడుగున రాళ్లకు చిక్కుకుంటే కుళ్లదు, కరగదు. పట్టేవాడు లేకపోయినా చేపలను పడుతూనే ఉంటుంది, తాబేళ్లను ఉరి బిగిస్తూనే ఉంటుంది. డైవర్ ముందు అందులో ప్రాణంతో ఉన్నవాటిని చూసి విడిపించాలి. తర్వాత అంచు నుంచి చిన్న ముక్కలుగా కోసుకురావాలి, మధ్యలోకి దూరితే తనే చిక్కుకుంటాడు. బరువైన ముక్కలకు లిఫ్ట్ బ్యాగ్ కట్టి అందులోకి గాలి వదులుతారు. పది మీటర్ల లోతున నింపిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు ఉబ్బుతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా గాలి తీసేస్తూ లేపకపోతే బ్యాగు అదుపు తప్పి దూసుకుపోతుంది. వల మీద జీవజాలం పెరిగి రాయిలో కలిసిపోయి ఉంటే, దాన్ని పీకడం కన్నా వదిలేయడమే మేలు.

ఇంతకన్నా ఎక్కువ మేలు బోటు మీద చెప్పే నాలుగు మాటల్లో ఉంది. కొత్తగా దిగేవాడు తేలలేక, మునగలేక కాళ్లు తపతపలాడిస్తే ఇసుక లేచి రాళ్లనంటుకున్న ప్రాణుల మీద పడుతుంది. నీళ్లలో నిలకడగా తేలడం నేర్పితే సగం నష్టం ఆగుతుంది. దేన్నీ ముట్టుకోవద్దని, దేన్నీ ఏరుకోవద్దని దిగకముందే చెప్పాలి. లంగరు రాళ్ల మీద వేయకుండా బోయాకు బోటు కట్టాలి. డైవింగ్ కేంద్రాలు ఇలాంటి పద్ధతులు పాటించేలా చూసే గ్రీన్ ఫిన్స్ 2004లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం చొరవతో మొదలైంది. 2011లో మొదలైన డైవ్ అగైనెస్ట్ డెబ్రీ అనే కార్యక్రమంలో డైవర్లు తీసిన చెత్తను రకం వారీగా లెక్కపెట్టి, ఎక్కడ దొరికిందో నమోదు చేస్తారు. చెత్త ఎక్కడి నుంచి వస్తోందో ఆ లెక్కే పట్టిస్తుంది. నీరుగంటి చెప్పిన నీళ్ల లెక్క లాంటిదే ఇదీ.

ఆ లెక్క ముందు చేరాల్సింది మత్స్యకారులకు. వల పోతే మొదట నష్టపోయేది వాళ్లే. ఏ రాళ్ల దగ్గర వలలు చిక్కుతున్నాయో డైవర్ చెబితే వాళ్లు తప్పుకుంటారు. పల్లెకారుల కుర్రాళ్లకే స్కూబా నేర్పితే సముద్రానికి సొంత మనుషులే కాపలా ఉంటారు.

తర్వాత చేరాల్సింది మాకు. గుమ్మఘట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టుకు వచ్చే వేదవతి, మా వాడుకలో హగరి, తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర కృష్ణలో, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో. ఎగువన ఇదే నది మీద ఉన్న వాణీవిలాస సాగర్ జలాశయం 1933 తర్వాత 2022లో మళ్లీ నిండి పొర్లింది. అలాంటి ఏట హగరి ఒడ్డున వేసిన కవరు ఇసుకలో ఆగదు, వరదతో కదులుతుంది. దారిలో ఆనకట్టలు కొంత ఆపుతాయేమో గానీ, దారి మాత్రం సముద్రానికే.

అందుకే విశాఖ డైవర్లకు నాదొక విన్నపం. ఒక వేసవి మా వైపు రండి. బడిపిల్లలను ఎండిన చెరువులోకి దింపి, తూము కంబాల నీడన నిలబెట్టి, మీరు చూసిన అడుగు గురించి చెప్పండి. సముద్రం ఎన్నడూ చూడని పిల్లలకు కూడా అది వెంటనే తెలుస్తుంది. మీరు చెప్పే కవరు వాళ్ల కాళ్ల దగ్గరే ఉంటుంది.