ముందు చమురు, తర్వాత సరుకు

2020 అక్టోబరు వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ‘ఎం.వి. మా’ విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కి కూర్చుంటే జనం సెల్‌ఫోన్లు పట్టుకుని అక్కడికి కదిలారు. దాన్ని రెస్టారెంట్‌గా మార్చాలని పర్యాటక శాఖ కూడా ముచ్చటపడింది. ఒడ్డెక్కిన ఓడ చూసేవాళ్లకు తమాషా. దించేవాళ్లకు చాకిరీ.

ఆ చాకిరీ సంగతి తెలియాలంటే ‘ఎంఎస్‌సీ నపోలీ’ కథ వినాలి. 2007 జనవరి 18న ఇంగ్లిష్ చానెల్ తుపానులో ఈ కంటైనర్ ఓడ బాడీ బీటలిచ్చింది. సిబ్బంది 26 మందీ లైఫ్‌బోటులోకి దిగితే నేవీ హెలికాప్టర్లు అందరినీ పైకి లాక్కున్నాయి. టగ్గులు ఓడను పోర్ట్‌లాండ్ రేవుకు ఈడ్చుకెళ్తుంటే బీటలు పెరిగాయి. లోతు నీళ్లలో మునిగితే కడుపులోని చమురంతా సముద్రం పాలు. దాంతో అధికారులు డెవాన్ తీరాన, బ్రాన్స్‌కూంబ్ గ్రామం ఎదుట, దాన్ని కావాలనే నేలకు ఎక్కించారు. అది యునెస్కో వారసత్వ తీరం! తిట్లు తినక తప్పలేదు. అయినా అంతకంటే మంచి దారి ఇంకొకటి ఉండిందని ఈ కాలమ్ రాసేవాడికి అనిపించదు.

వందకు పైగా కంటైనర్లు నీళ్లలో పడ్డాయి. కొన్ని ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలాయి. బీఎండబ్ల్యూ మోటార్ సైకిళ్లు, వైన్ పీపాలు, పిల్లల డైపర్లు, కారు విడిభాగాలు... జనానికి పండగే. కొట్టుకొచ్చిన సరుకు తీసుకుంటే అక్కడ నేరం కాదు. 28 రోజుల్లోగా ‘రిసీవర్ ఆఫ్ రెక్’ అనే అధికారికి చెప్పాలి, అంతే. చెప్పకుండా దాచుకుంటేనే నేరం. చివరికి పోలీసులు బీచ్ మూసేశారు.

టీవీలు చూపించింది ఆ బైకుల్నే. అసలు పని ఓడ మీద జరిగింది. ముందు చమురు. దాదాపు 3,500 టన్నుల ఇంధనం. ఓడల్లో వాడే చిక్కటి నూనె చలికి గడ్డకట్టినట్టవుతుంది. వేడిచేస్తేగానీ గొట్టంలోంచి కదలదు. తర్వాత కంటైనర్ల వంతు. రేవులో అయితే క్రేన్‌కు నిమిషాల పని. ఇక్కడ ఓడ పక్కకు ఒరిగిపోయింది, పెట్టెలు ఒకదాని మీద ఒకటి వాలి ఇరుక్కుపోయాయి. ప్రతి పెట్టె దగ్గరికీ మనిషి వెళ్లి గొలుసులు తగిలించాలి. అడుగు గదుల్లో నీళ్లు తాగిన సరుకు బరువెక్కింది, కుళ్లింది. 2,300కు పైబడిన కంటైనర్లు దించేసరికి మే నెల వచ్చింది. జూలైలో తేల్చి చూస్తే ఓడ బాడీ బొత్తిగా పాడైందని తేలింది. పేలుడు పదార్థాలతో ఓడను రెండుగా విడగొట్టారు. ముందు భాగం బెల్ఫాస్ట్‌కు పోయింది. వెనక భాగాన్ని అక్కడే ముక్కలు చేసి తీసేసరికి 2009.

చమురు ముందే ఎందుకంటే న్యూజిలాండ్ వాళ్లను అడగాలి. 2011 అక్టోబరు 5న ‘రెనా’ అనే ఓడ అక్కడి ఆస్ట్రోలేబ్ దిబ్బకు కొట్టుకుంది. సుమారు 350 టన్నుల నూనె ఒలికింది. తీరం శుభ్రం చేయడానికి దాదాపు 8,000 మంది వాలంటీర్లు పేర్లిచ్చారు.

నపోలీ నుంచి దించుతున్నప్పుడు ఇంకో గుట్టు బయటపడింది. డెక్ మీద తడవకుండా మిగిలిన సుమారు 660 కంటైనర్లను తూచారు. 137 పెట్టెల అసలు బరువుకూ కాగితాల్లో రాసినదానికీ మూడు టన్నులకు మించి తేడా. ఆ 137 కలిపితే కాగితం మీది లెక్క కంటే 312 టన్నులు ఎక్కువ! ఓడను విరిచింది ఈ దొంగ లెక్కలేనని దర్యాప్తు అనలేదు. ఇంజన్ గది దగ్గర ఓడ బాడీకి చాలినంత బలం లేదన్నది ప్రధాన లోపం. కానీ బలం తక్కువైన ఓడకు తాను మోసే బరువెంతో కూడా సరిగా తెలియదన్నమాట.

బరువు తేల్చిన కాగితం లేనిదే సరుకు నింపిన కంటైనర్ ఓడ ఎక్కకూడదన్న అంతర్జాతీయ నిబంధన 2016 జూలై 1న అమల్లోకి వచ్చింది. విశాఖ నుంచి వెళ్లే రొయ్యల పెట్టెలకూ అదే లెక్క.