నిలబడ్డ గీత

కోటవురట్ల బజారులో టీవీలు బాగుచేసే చిన్న కొట్టు ఒకటుంది. అక్కడ ఒక పెట్టెను చూశాను. ఒకప్పుడు నర్సీపట్నంలో వీడియో గేముల షాపులో, రూపాయి బిళ్ల వేస్తే ఆడుకునే చెక్క పెట్టె. లోపల ప్యాక్‌మ్యాన్ ఆటకు నకలు బోర్డు. స్విచ్ వేస్తే పాట వస్తోంది, బిళ్ల వేస్తే గణగణమంటోంది. బొమ్మ మాత్రం లేదు. తెర నడుమ పైనుంచి కిందికి కళ్లు జిగేల్మనే ఒక్క నిలువు గీత.

మెకానిక్ గారు ముట్టుకున్న మొదటి వస్తువు బ్రైట్‌నెస్ నాబ్. గీత కనపడీ కనపడనంతగా తగ్గించేశారు. తెరంతా పరుచుకోవాల్సిన ఎలక్ట్రాన్లు ఒక్క గీత మీదే పడుతుంటే అక్కడి ఫాస్ఫర్ పూత మాడిపోతుంది. ఆ మచ్చ ఇక పోదు. రోగం తెలియకముందే పిక్చర్ ట్యూబును కాపాడుకోవడం ఆయన పద్ధతి.

మామూలు టీవీలో నిలువు గీత కనిపిస్తే ఎలక్ట్రాన్ పుంజాన్ని అడ్డంగా తిప్పే భాగం మీద అనుమానం పడతాం. ఆయన అటు వెళ్లలేదు. వెనక మూత తీసి, లైటు వేసి ట్యూబు వీపు చూశారు. ఎక్కువ వోల్టేజి వెళ్లే రబ్బరు టోపీ టీవీల్లో పైవైపు ఉంటుంది. ఇక్కడ పక్కకు ఉంది. "గీత ఎటుందో కాదు బాబూ, ట్యూబు ఎటుందో సూడాల" అన్నారు.

అసలు కిటుకు అదే. 1980లో జపాన్‌లో నామ్‌కో కంపెనీ తెచ్చిన ప్యాక్‌మ్యాన్‌లో బొమ్మ నిలువుపాటిది: అడ్డంగా 224 చుక్కలు, నిలువుగా 288. అందుకని ట్యూబునే పక్కకు తిప్పి బిగించారు. టీవీలో ఎడమనుంచి కుడికి సాగే స్కానింగ్ గీత ఇందులో నిలువుగా నడుస్తుంది. కాబట్టి ఈ నిలువు గీత మామూలు టీవీలో అడ్డగీతతో సమానం. చచ్చిపోయింది వర్టికల్ భాగమే, అంటే మామూలు టీవీలో పుంజాన్ని నిలువుగా తిప్పేది.

ఆ గీతే ఇంకా చాలా చెబుతోంది. వెలుగు ఉందంటే ఎక్కువ వోల్టేజి పుట్టించే ఎల్‌ఓటీ (లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్) బతికే ఉంది, 20,000 వోల్టుల పైచిలుకు అందుతోంది, ట్యూబు మెడలో హీటరు వెలుగుతోంది. బిళ్ల వేసినప్పుడు గీతలో రంగులు మారుతున్నాయి కాబట్టి ఆట బోర్డూ బాగానే ఉంది. మీటరు ముట్టుకోకుండానే ముప్పాతిక పెట్టె అనుమానం నుంచి బయటపడింది.

తర్వాత కరెంటు తీసేశారు. తీసినా ట్యూబు గాజు తనలో చార్జిని దాచుకుంటుంది. లోపలి పూత, బయటి నల్ల పూత, మధ్య గాజు: ట్యూబే ఒక పెద్ద కండెన్సర్. ఒక వైరు కొసను బయటి పూతను తాకే అల్లిక తీగకు తగిలించి, రెండో కొసను స్క్రూడ్రైవర్‌కు చుట్టి, దాన్ని టోపీ కిందికి జొనిపారు. టప్‌మంది. అంతసేపూ ఆయన ఎడమ చెయ్యి వీపు వెనకే ఉంది. రెండు చేతులూ లోపల పెడితే షాక్ గుండె మీదుగా పోతుంది.

మీటరుతో ట్యూబు మెడకు తొడిగిన యోక్‌లోని వర్టికల్ కాయిల్ చూశారు, తెగలేదు. మళ్లీ కరెంటిచ్చి చూస్తే ఆ కాయిల్‌ను నడిపే ఐసీకి 24 వోల్టులు అందుతున్నాయి. ఇక్కడ చాలామంది ఐసీ మార్చేస్తారు. ఆయన బోర్డు తిరగేసి భూతద్దం పెట్టారు. ఐసీ కాలు ఒకదాని చుట్టూ సన్నని ఉంగరంలాంటి చీలిక. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి టంకం వదిలేసింది. పాత టంకం పీల్చేసి కొత్తది పెట్టగానే బొమ్మ విచ్చుకుంది.

ఇంకా పూర్తిగా కాదు. తెర ఒక పక్క అంచు చీర మడతలా తనమీదికే మడుచుకుని ఉంది. నన్ను కట్టిపడేసిన భాగం ఇదే. పుంజం తెరంతా నెమ్మదిగా దాటాలి, దాటాక చటుక్కున మొదటికి రావాలి. సెకనుకు 60 సార్లు ఈ పని. దాటడానికి 24 వోల్టులు చాలు. వెనక్కి రావడానికి కాయిల్‌లో కరెంటును వెయ్యోవంతు సెకనులో తిరగేయాలి, దానికి దాదాపు రెట్టింపు వోల్టేజి కావాలి. ఎప్పుడూ రెట్టింపు ఇస్తే ఐసీ వేడికి మాడిపోతుంది. అందుకని ఒక చిన్న కండెన్సర్ పెట్టారు. పుంజం నెమ్మదిగా నడిచినంతసేపూ అది 24 వోల్టులు నింపుకుంటుంది. తిరుగు ప్రయాణంలో ఐసీ దాన్ని ఉన్న 24 మీదికి ఎక్కిస్తుంది. అవసరమైన ఆ క్షణానికే 48, మిగతా కాలమంతా 24. ఇంత పొదుపైన ఆలోచన ఇంత చవక వస్తువులో ఉండటం గొప్ప పనితనం.

ఆ కండెన్సర్ హీట్‌సింక్ పక్కనే ఉండి లోపలి తడి ఆరిపోయింది. నింపుకోలేకపోయేసరికి పుంజం వెనక్కి రావడం ఆలస్యమవుతోంది, ఈలోగా కొత్త బొమ్మ మొదలైపోతోంది. మడత అదే. 85 డిగ్రీలది తీసి 105 డిగ్రీలకు తట్టుకునేది వేశారు, వేడికి కాస్త ఎడంగా వంచి మరీ.

ఆఖరుకు సైజు, లీనియారిటీ సరిచేయడానికి ఆటలోని చుక్కలనే కొలబద్ద చేసుకున్నారు. చుక్కకూ చుక్కకూ ఎడం ఈ అంచునా ఆ అంచునా ఒకేలా వచ్చేదాకా వాటిని సరిచేసే ప్రీసెట్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పారు. దీనికే దాదాపు అరగంట పట్టింది. ఆ అరగంట ఎవరూ అడగలేదు, డబ్బులూ ఎవరూ ఇవ్వరు.

మీ ఇంట్లోనో షాపు అటక మీదో ఇలాంటి పెట్టె ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి. మూత మీరు తీయకండి. పిక్చర్ ట్యూబుల కాలం నాటి మెకానిక్ మీ ఊళ్లో ఇంకా ఉండే ఉంటారు, ఆయనకు ఒకసారి చూపించండి.