ఉతికినా పోని నలుపు

బాచుపల్లి అపార్ట్‌మెంట్ల కింద ఇస్త్రీ బండ్ల దగ్గర ఇప్పుడు బట్టల మూటకు ఫ్లాట్ నంబరు చీటీయే గుర్తు. మార్కర్ పెన్నులు రాకముందు రజకులకు ఆ పని చేసిపెట్టింది నల్లజీడి గింజ. దాన్ని సూదితో గుచ్చి, మొనకంటిన రసంతో కాలరు లోపల రెండు చుక్కలో ఓ అడ్డగీతో పెట్టి, పైన తడి సున్నం అద్దేవారు. ఇంటికో గుర్తు. ఊరందరి బట్టలూ ఒకే రేవులో ఉతికినా కలిసిపోకుండా కాపాడింది ఆ చుక్కలే.

చెట్టును గుర్తుపట్టడం కష్టమేం కాదు. జానెడు దాటిన ఆకులు, కొసవైపు వెడల్పుగా, కొమ్మల చివర గుత్తులుగా ఉంటాయి. అసలు ఆనవాలు కాయే: నారింజ రంగు కండ మీద కూర్చున్న నల్లటి గింజ. జీడిమామిడికి, మామిడికి చుట్టమే. జపాన్, చైనాల్లో పాత్రలకు నల్లటి నిగారింపునిచ్చే లక్కచెట్టుదీ అదే అనకార్డియేసీ కుటుంబం. (ఏటికొప్పాక బొమ్మల లక్క వేరు, అది పురుగు ఇచ్చేది.)

లక్కచెట్టు రసంలో ఉరుషియాల్, నల్లజీడి రసంలో భిలావనాల్; రెండూ కాటెకాల్ జాతివే. గాలి తగిలితే నల్లబడతాయి. లక్కచెట్టు పాలు తేమగాలిలో లాకేస్ అనే ఎంజైమ్ సాయంతో గట్టి పొర కడతాయి. రజకుడికి పొరతో పనిలేదు, నూలులోకి ఇంకితే చాలు.

ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలే. భారత్‌లో ఉన్న సైనికుల మెడల మీది దద్దుర్లకు చాకలి గుర్తులే కారణమని 1943లో అమెరికా సైనిక వైద్యులు రాశారు. అంత ఘాటు సరుకును సూదిమొనకు మించి వాడకపోవడమే ఆ చేతి పనితనం. ఇప్పుడా గింజలు దిష్టికని నిమ్మకాయ, మిరపకాయలతో దుకాణాల ముందు వేలాడుతున్నాయి.